రేడియేషన్ చికిత్స తర్వాత: భార్యాభర్తల పరస్పర బాధ్యత

హిజ్రీ 2వ సంవత్సరం (క్రీ.శ. 624) రమజాన్ మాసంలో ముస్లింల చిన్న దళం ఒకటి మదీనా నుండి బద్ర్ వైపు బయలుదేరింది. ఇస్లాం చరిత్రలో ఆ దినానికి వున్న స్థానం తెలియనిది కాదు. బద్ర్‌లో పాల్గొన్నవారికి సహాబీలలో ప్రత్యేక గౌరవం వుండేది. అయితే హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆ దళంలో లేరు. ఆయన సతీమణి, దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) కుమార్తె హజ్రత్ రుఖయ్య (రజి) తీవ్రంగా జబ్బుపడి వున్నారు. ఆమె దగ్గర వుండిపొమ్మని స్వయంగా దైవప్రవక్తే (స) ఆయనకు చెప్పారు. విజయవార్త తీసుకొని హజ్రత్ జైద్ బిన్ హారిస (రజి) మదీనా చేరుకునే సమయానికి రుఖయ్య (రజి) ఖననం జరుగుతున్నది.

యుద్ధప్రాప్తిలో హజ్రత్ ఉస్మాన్‌కు వాటా లభించింది. బద్ర్‌లో పోరాడినవారికి లభించే పుణ్యమే ఆయనకూ లభిస్తుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. అనేక సంవత్సరాల తర్వాత, హజ్‌కు వచ్చిన ఒక వ్యక్తి ఉస్మాన్ బద్ర్‌కు వెళ్ళలేదు కదా అని ఆక్షేపణగా ప్రశ్నించినప్పుడు, హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఈ సంగతే వివరించి అతని నోరు మూయించారు.

ఈ సంఘటనలో గమనించవలసిన విషయాలు రెండున్నాయి. మొదటిది: జబ్బుపడిన భార్య పక్కన కూర్చోవడం మగవాడు తప్పించుకోదగిన ఆడవాళ్ళ పని కాదు, సమాజానికి అత్యంత క్లిష్టమైన రోజున కూడా దాన్ని వాయిదా వేయలేదు. రెండవది: ఆ సేవ విలువ రోగి కోలుకోవడంపై ఆధారపడలేదు. రుఖయ్య (రజి) మరణించారు. అయినా ఉస్మాన్ (రజి) పుణ్యం తగ్గలేదు.

చికిత్స ముగిసిన రోజు

నేడు జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో ఒక ఇంట్లో క్యాన్సరు బయటపడితే ఆ కుటుంబం సాధారణంగా హైదరాబాదు దారి పడుతుంది. 2016లో ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి గాని, పెద్ద చికిత్సకు ప్రయాణం తప్పలేదు. రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుండి పేదవారికి ఆధారంగా వున్నది. తర్వాతి కాలంలో గుజరాత్ రాష్ట్రానికి తొలి గవర్నరు అయిన మెహదీ నవాజ్ జంగ్ పేరు మీదనే ఆ సంస్థ నడుస్తున్నది.

రేడియేషన్‌ను ప్రజలు 'కరెంటు పెట్టడం' అంటారు. జబ్బును బట్టి వారానికి ఐదు రోజుల చొప్పున మూడు వారాల నుండి ఏడు వారాల దాకా అది సాగుతుంది. జనగామవారు కొందరు రైలులో రోజూ పోయి రాగలరు. సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరంలో వున్న మహబూబాబాద్, భూపాలపల్లివారికి అది సాధ్యం కాదు. బంధువుల ఇంట్లోనో, అద్దె గదిలోనో, ఆసుపత్రి పరిసరాల్లోనో రోజులు వెళ్ళదీయవలసి వస్తుంది.

చివరి రోజున కాగితాలు చేతికి ఇచ్చి పంపించగానే ఇంటివారంతా 'గండం గడిచింది' అనుకుంటారు. భర్త మరునాడే పనికి పోతాడు. భార్య రోగి అయితే వారం తిరగకుండానే పొయ్యి దగ్గర నిలబడుతుంది. పొరపాటు ఇక్కడే జరుగుతున్నది. రేడియేషన్ ఆగిన రోజున దాని ప్రభావం ఆగదు. చర్మం కమిలిపోవడం, నోరు పూయడం వంటి బాధలు చివరి రోజు తర్వాత వారం పది రోజుల పాటు ఇంకా పెరిగి, ఆ తర్వాతనే తగ్గుముఖం పడతాయి. అలసట వారాల తరబడి, కొందరిలో నెలల తరబడి వుంటుంది. ఆసుపత్రిలో డాక్టరు, నర్సు చూసుకున్న మనిషిని ఇప్పుడు చూసుకోవలసింది జీవిత భాగస్వామే. కనుక ఆ బాధ్యత మొదలయ్యేది చికిత్స ముగిసిన రోజునే.

నిరాధారమైన భయాలు

రోగి శరీరంలో 'కరెంటు' మిగిలి వుంటుందని, పిల్లలను దగ్గరకు రానీయకూడదని, కంచం గ్లాసు వేరు చేయాలని కొన్ని ఇళ్ళలో భయపడతారు. ఇది సరికాదు. బయటి యంత్రం ద్వారా ఇచ్చే రేడియేషన్ యంత్రం ఆపగానే పోతుంది. గదిలో దీపం ఆర్పిన తర్వాత వెలుగు మిగలనట్లే శరీరంలో అదీ మిగలదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు సాధారణంగా లోపల సాధనం పెట్టి ఇచ్చే చికిత్సలోనూ అంతే. సాధనం తీసివేసిన తర్వాత ఏమీ వుండదు. థైరాయిడ్ జబ్బుకు నోటి ద్వారా ఇచ్చే రేడియో అయోడిన్ విషయం మాత్రం వేరు. అది పుచ్చుకున్నవారు పిల్లలకు, గర్భిణులకు ఎన్ని రోజులు దూరంగా వుండాలో ఆసుపత్రివారే చెబుతారు. ఆ గడువు పాటించాలి.

క్యాన్సరు అంటువ్యాధి కాదు. ఒకే పళ్ళెంలో తినడం వల్ల గాని, ఒకే మంచం మీద పడుకోవడం వల్ల గాని అది రాదు. రోగి మంచాన్ని వసారాలోకి మార్చడం, 'నీళ్ళు అక్కడ పెట్టాను, తీసుకో' అని దూరం నుండి చెప్పడం జబ్బు కన్నా ఎక్కువ గాయం చేస్తాయి. అదే పళ్ళెంలో కలిసి నాలుగు ముద్దలు తినే భర్త, మాట్లాడకుండానే ఆమె భయాన్ని సగం తీసివేస్తాడు.

పొయ్యి దగ్గర నుండి మొదలు

నోరు, గొంతు భాగాలకు రేడియేషన్ తీసుకున్నవారికి తిండి పెద్ద సమస్య. నోరంతా పుండవుతుంది. లాలాజలం తగ్గి నోరు ఎండిపోతుంది; కొందరిలో ఇది శాశ్వతంగా వుండిపోవచ్చు. రుచి తెలియడానికి నెలలు పడుతుంది. కారం, పచ్చడి, చింతపండు పులుసు, వేడివేడి పదార్థాలు కొంతకాలం పక్కన పెట్టాలి. జావ, మెత్తగా కలిపిన పెరుగన్నం, మిరప లేకుండా ఉడికించిన కిచిడీ, పాలు, మెత్తని గుడ్డు, మసాలా లేకుండా మెదిపిన హరీస్ వంటివి కొద్దికొద్దిగా అనేక పర్యాయాలు ఇవ్వాలి. రోగులకు, ఆప్తులను కోల్పోయి దుఃఖంలో వున్నవారికి తల్బీనా, అనగా బార్లీ పిండి జావ, పెట్టమని హజ్రత్ ఆయిషా (రజి) చెబుతుండేవారు. మింగలేనివానికి జావ కాచి ఇవ్వడం ఈ విధంగా సున్నత్ కాలం నుండి వస్తున్న సేవే.

మాడిపోయిందని, ఉప్పు లేదని రోగి విసుక్కుంటే నొచ్చుకోకూడదు. నాలుక రుచి కోల్పోయింది గాని మనిషి కృతజ్ఞత కోల్పోలేదు. లీటరు గోరువెచ్చని నీటిలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా తినే సోడా కలిపి రోజుకు అనేకసార్లు పుక్కిలించాలి. మిస్వాక్ పుండును గాయపరుస్తుంటే నోరు మానేవరకు మెత్తని బ్రష్షు వాడవచ్చు. దవడకు రేడియేషన్ పొందినవారు ఎన్ని సంవత్సరాల తర్వాతనైనా, ఆ సంగతి చెప్పకుండా పన్ను పీకించుకోకూడదు. ఎముక మానకుండా పోయే ప్రమాదం వుంది. జర్దా, గుట్కా, బీడీ మళ్ళీ ముట్టుకోకుండా చూడటం కూడా ఆ ఇంటివారి బాధ్యతే. పక్కన కూర్చున్న భర్త తాను బీడీ కాలుస్తూ భార్యకు జర్దా మానమని చెబితే ఆ మాటకు విలువ వుండదు.

పొత్తికడుపు భాగానికి చికిత్స జరిగినవారికి విరేచనాలు, మూత్రంలో మంట కలుగుతాయి. ఓ.ఆర్.ఎస్. నీళ్ళు, నీరు ఎక్కువగా ఇచ్చి డాక్టరుకు తెలియజేయాలి. చికిత్స పొందిన చోట చర్మంపై పసరు, సున్నం, పసుపు, నూనె ఏవీ డాక్టరును అడగకుండా రాయరాదు. ఎండ తగలకుండా వదులైన నూలు బట్ట కప్పాలి. బుర్ఖా కింద బిగుతైన సింథెటిక్ దుస్తులు కమిలిన చర్మాన్ని ఒరుస్తాయి, వాటిని మార్చాలి. ఇక అలసటకు పూర్తి మంచం మందు కాదు. ఉదయం, సాయంత్రం ఇంటి ముందు పది నిమిషాలు నడిపించడం మేలు చేస్తుంది. చేయి పట్టుకొని నడిపించే మనిషి వుంటే ఆ పది నిమిషాలు మరో పదవుతాయి.

ఆరాధనలలో సడలింపు

భక్తి కలిగిన రోగులలో మరొక రకమైన బాధ కనిపిస్తుంది. నీళ్ళు తగిలితే చర్మం మండుతున్నా వుజూ విడిచిపెట్టరు. గొంతు ఎండిపోతున్నా ఉపవాసం మానరు. మానితే పాపమని కుమిలిపోతారు. ఇంటి పెద్దలు కొందరు అదే ధోరణిలో మాట్లాడతారు. ఒక ప్రయాణంలో తలకు గాయమైన వ్యక్తికి స్నానం విధిగా చేయాల్సి వచ్చింది. తయమ్ముమ్‌కు అనుమతి లేదని తోటివారు అతనికి చెప్పారు. అతడు స్నానం చేసి మరణించాడు. ఆ సంగతి విన్న దైవప్రవక్త (స) ఆ సలహా ఇచ్చినవారినే అతని చావుకు బాధ్యులుగా తీవ్రంగా మందలించారు. తెలియకపోతే అడిగి తెలుసుకోవలసిందని బోధించారు. అల్లాహ్ ఇచ్చిన సడలింపును కాదనడం భక్తి కాదని దీని ద్వారా స్పష్టమవుతున్నది.

చర్మానికి నీరు హాని చేస్తుందని డాక్టరు చెబితే ఆ భాగాన్ని కడగకుండా తడిచేత్తో తుడవవచ్చు. తుడిచినా హాని కలిగేట్లయితే విడిచిపెట్టవచ్చు. అధిక భాగానికి నీరు వాడలేనప్పుడు తయమ్ముమ్ వున్నది. చికిత్స సమయంలో చర్మంపై పెట్టిన గుర్తులు అవసరం నిమిత్తం పెట్టినవి. సూదితో పెట్టిన చిన్న చుక్కలు చర్మం లోపల వుంటాయి గనుక నీటిని అడ్డుకోవు. వాటిని రుద్ది తుడిపివేయాలని ప్రయత్నించనక్కర లేదు.

గర్భాశయ ముఖద్వారానికి చికిత్స పొందిన స్త్రీలకు ఆ తర్వాత సాధారణంగా నెలసరి ఆగిపోతుంది. అప్పుడప్పుడు కనిపించే రక్తాన్ని నెలసరి అనుకొని నమాజు మానివేయరాదు. అది జబ్బు వల్ల కలిగే స్రావమైతే ఇస్తిహాజా ఆదేశం వర్తిస్తుంది. ఆగకుండా స్రవించేవారు హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ప్రతి నమాజు వేళకు వుజూ చేసుకొని నమాజు చేయవచ్చు. మూత్రం నిలవనివారికీ ఇదే సౌకర్యం. అయితే రక్తం కనిపించిందన్న సంగతి ఆలిమ్‌ను అడిగి వూరుకోకుండా డాక్టరుకు కూడా తప్పక చెప్పాలి.

నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పక్కకు పడుకొని నమాజు చేయవచ్చునని దైవప్రవక్త (స) హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు ఆయన జబ్బులో నేర్పారు. ఉపవాసాల విషయంలో రోగికి మినహాయింపు ఖుర్ఆన్‌లోనే వున్నది. కోలుకున్న తర్వాత వాటిని పూర్తిచేయాలి. కోలుకునే ఆశ లేనివారు రోజుకు ఒక పేదవానికి భోజనం చొప్పున ఫిద్యా ఇవ్వాలి. నోరు శాశ్వతంగా ఎండిపోయినవారు ఏ కోవలోకి వస్తారో డాక్టరు అభిప్రాయం తీసుకొని ఆలిమ్ వద్ద నిర్ణయించుకోవాలి. ఆరోగ్యంగా వున్నప్పుడు చేసిన ఆరాధనల పుణ్యం జబ్బులోనూ రోగి ఖాతాలో వ్రాయబడుతుందన్న దైవప్రవక్త (స) శుభవార్తను రోగికి గుర్తుచేసే పని భార్య లేక భర్తది.

ఖర్చు ఎవరిది?

ఇది తరచుగా గుట్టుగా జరిగే తగవు. భార్య వైద్యానికి డబ్బు భర్త పెట్టాలా, పుట్టింటివారు పెట్టాలా? పూర్వపు ఫిఖ్హ్ గ్రంథాలు చూస్తే, అధిక పండితులు మందుల ధరను, వైద్యుని రుసుమును భర్త చెల్లించవలసిన నఫఖాలో చేర్చలేదు. హంబలీ పండితుడు ఇబ్నె ఖుదామా (మరణం క్రీ.శ. 1223) దీన్ని ఇంటి మరమ్మతుతో పోల్చారు: అద్దెకున్నవాడు ఇంటికి మరమ్మతు చేయించనక్కర లేనట్లే, దేహానికి మరమ్మతు వంటి వైద్యం భర్తపై విధి కాదని ఆయన వాదం. దీన్ని చూపించి ఈనాడు కూడా కొందరు భార్యను పుట్టింటికి పంపించి చేతులు దులుపుకుంటున్నారు.

అయితే ఆ అభిప్రాయం వెలువడిన కాలాన్ని కూడా చూడాలి. ఆనాడు వైద్యం ఎప్పుడో తప్ప అవసరం పడేది కాదు. దాని ఫలితం కూడా అనిశ్చితం. సిరియా పండితుడు డాక్టర్ వహబా జుహైలీ (1932–2015) తన బృహత్ ఫిఖ్హ్ గ్రంథంలో, నేడు వైద్యం అన్నపానాల వంటి, అంతకన్నా ముఖ్యమైన అవసరం గనుక దాని ఖర్చు భర్తపైనే వుంటుందని నిర్ణయించారు. భార్యతో మంచి రీతిలో కాపురం చేయాలన్న ఖుర్ఆన్ ఆదేశానికి ఇదే అనుగుణంగా వున్నది. ఆమె ఆరోగ్యంగా వున్నంత కాలం ఆమె సేవలు అనుభవించి, జబ్బుపడగానే ఆమెను పుట్టింటి వాకిట దించి రావడం మంచి రీతి అని ఏ మనస్సాక్షీ అంగీకరించదు.

మరొక మాట. భార్య నగలు, మెహ్ర్ ఆమె సొత్తు. భర్త చికిత్సకైనా సరే, ఆమె ఇష్టపూర్వకంగా ఇస్తే పుచ్చుకోవచ్చు గాని, ఒత్తిడి చేసి అమ్మించరాదు.

ప్రభుత్వ సౌకర్యాలు తెలుసుకొని వుపయోగించుకోవడం కూడా సేవలో భాగమే. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ క్రింద క్యాన్సరు చికిత్సలు వున్నాయి. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుండి 10 లక్షల రూపాయలకు పెంచారు. చికిత్సకు, తిరిగి చూపించుకోవడానికి వెళ్ళే క్యాన్సరు రోగికి రైల్వేవారు స్లీపరు తరగతిలోనూ, మూడవ తరగతి ఏ.సి.లోనూ పూర్తి రాయితీ, తోడు వెళ్ళేవారికి 75 శాతం రాయితీ ఇస్తారు. దీనికి ఆసుపత్రి ధ్రువపత్రం కావాలి. రైలు లేని భూపాలపల్లివారికి బస్సే గతి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో తెలంగాణ స్త్రీలకు 2023 డిసెంబరు నుండి ఉచిత ప్రయాణం కల్పించబడింది.

దాంపత్యం విషయం

సిగ్గు వల్ల ఎవరూ అడగనిది, అడగకపోవడం వల్ల కాపురాలు చెడుతున్నదీ ఇది. ధర్మం విషయంలో ప్రశ్నించడానికి అన్సారీ స్త్రీలకు సిగ్గు అడ్డురాలేదని హజ్రత్ ఆయిషా (రజి) వారిని ప్రశంసించారు. పొత్తికడుపు భాగానికి రేడియేషన్ తర్వాత స్త్రీ జననాంగ మార్గం పొడిబారుతుంది, క్రమంగా ఇరుకవుతుంది. అలా కాకుండా డాక్టర్లు డైలేటరు అనే సాధనం వాడమని చెబుతారు. అది చికిత్సలో భాగమే గనుక సిగ్గుపడి మానకూడదు. లోపలి గాయం మానిందని డాక్టరు చెప్పేవరకు, సాధారణంగా కొన్ని వారాలపాటు, భర్త ఓపిక పట్టాలి. ఆ తర్వాత కూడా ఆమెకు నొప్పి కలిగితే అది అయిష్టం కాదని, జబ్బు మిగిల్చిన గాయమని గ్రహించాలి. హానికి హానితో బదులు లేదన్న ధర్మసూత్రం పడకగదికి కూడా వర్తిస్తుంది.

పిల్లలు కలిగే అవకాశం పోయిందన్న దుఃఖం కూడా ఆమెకు వుంటుంది. ఈ స్థితిలో ఎదుటనే రెండవ పెళ్ళి మాట ఎత్తే బంధువుల నోరు మూయించవలసినవాడు భర్తే. అదే విధంగా భర్త రోగి అయినప్పుడు, మాట తడబడి, రూపం మారి, సంపాదన ఆగిన మనిషిని నలుగురిలో చులకన కాకుండా కాపాడే బాధ్యత భార్యది. హజ్రత్ అయ్యూబ్ (అలై) దీర్ఘరోగంలో అందరూ దూరమైనా ఆయన భార్య విడిచిపోలేదని వ్యాఖ్యాతలు వ్రాశారు.

సేవచేసేవారి బలం

నెలల తరబడి సేవచేసే మనిషి కూడా అలసిపోతుంది. రాత్రి నిద్ర లేక, పగలు కూలి పోగొట్టుకొని, రోగి విసుగు భరించి ఒక్కోసారి కసురుకుంటుంది. ఆ తర్వాత తానే ఏడుస్తుంది. ఇక్కడ మొహల్లావారి బాధ్యత మొదలవుతుంది. రోగిని పరామర్శించడం ముస్లింపై తోటి ముస్లింకు గల హక్కు. అయితే గంటల తరబడి కూర్చుని, ఇదే జబ్బుతో పోయినవారి కథలు చెప్పి, చాయ్ తాగి లేవడం పరామర్శ కాదు. ఐదు నిమిషాలు కూర్చుని దుఆ చేసి, పోయేటప్పుడు ఒక గిన్నె జావ ఇచ్చి, పిల్లలను రెండు గంటలు తమ ఇంటికి తీసుకుపోవడం నిజమైన పరామర్శ. అర్హులైన పేద రోగులకు జకాతు నుండి ప్రయాణపు ఖర్చులు, మందులు ఇవ్వవచ్చు. వారానికి ఒక రోజు వంట చేసి పంపడానికి నాలుగు ఇళ్ళు కలిసినా ఆ ఇల్లాలికి వూపిరాడుతుంది. దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో నొప్పి తగ్గించే పాలియేటివ్ విభాగం వుందేమో విచారించాలి. అది చావుకు సిద్ధమైనవారికే అనుకోవడం పొరపాటు.

తిరిగి చూపించుకునే తేదీలు తప్పకూడదు. మొదటి రెండు సంవత్సరాలు సాధారణంగా కొన్ని నెలలకొకసారి రమ్మంటారు. నెలల తర్వాత మూత్రంలో గాని మలంలో గాని రక్తం కనిపించినా, మింగడం మళ్ళీ కష్టమైనా, కొత్త గడ్డ తగిలినా తేదీ వచ్చేదాకా ఆగకూడదు. 'బాగానే వున్నాను కదా, చార్జీలు దండగ' అని రోగి అంటే, కాగితాల సంచీ తీసుకొని ముందు బయలుదేరవలసింది జీవిత భాగస్వామే.

కొందరు పూర్తిగా కోలుకుంటారు, కొందరు కోలుకోరు. ఆ నిర్ణయం అల్లాహ్‌ది. గోరువెచ్చని ఉప్పునీళ్ళు, మెత్తని అన్నం, ఓపికగల మాట ఇవ్వడం మాత్రమే మనిషి చేతిలో వున్నది. బద్ర్ విజయవార్త వచ్చిన వేళ హజ్రత్ ఉస్మాన్ (రజి) చేతికి సమాధి మట్టి అంటి వుండి వుండవచ్చు. అయినా ఆయన పేరు బద్ర్ వారితోనే లెక్కించబడింది. జనగామ రైలులో భార్యను కిటికీ పక్కన కూర్చోబెట్టి తాను నిలబడి వచ్చే భర్తకు, భూపాలపల్లి బస్సులో భర్త తలను భుజంపై ఆనించుకొని కూర్చున్న భార్యకు ఇంతకన్నా పెద్ద ధైర్యవచనం అవసరం లేదు.